సున్నాలు కూర్చునే గుడ్డ

పోయిన ఆదివారం వికారాబాద్‌లో మ్యాచ్. మా తాండూరు జట్టులోని ఎడమచేతి బ్యాట్స్‌మన్ సున్నాకు ఔటయ్యాడు. లారీ డ్రైవరు, నలభై దాటినవాడు, పాతవాళ్లలో ఇంకా ఆడుతున్నది అతనొక్కడే. బ్యాటు చంకలో పెట్టుకొని షామియానా కిందికి రావలసినవాడు రాలేదు. తల వంచుకొని నేరుగా ప్రహరీ గోడ దిక్కు నడిచాడు. గోడ నీడ దాకా పోయి ఆగాడు. అక్కడ ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. జేబులోంచి ఏదో పడిపోయినట్టు కాసేపు నేల చూసి, తిరిగి వచ్చాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదన్నా. కాళ్లే అటు పోయినయి," అన్నాడు.

నాకు అర్థమైంది. ఆ గోడ నీడలో ఒకప్పుడు ఒక గుడ్డ పరిచి ఉండేది. గుడ్డ ఒక మూలన ఒక ముసలాయన కూర్చుని ఉండేవాడు. మేమంతా కాకా అనేవాళ్లం. సరిహద్దు అవతల సేడం దిక్కునుంచి ఎప్పుడో వచ్చి తాండూరులో ఉండిపోయిన మనిషి. ఆయన పోయి వానాకాలం ఒకటి గడిచింది.

నేను నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో కొలతలు తీసేవాణ్ణి. బండ చూసి పొడవు వెడల్పు చెప్పగలను, గుణకారం నోట్లోనే చేస్తాను. ఇవేవీ బడిలో నేర్చుకున్నవి కావు. క్రికెట్ స్కోరు రాయడమూ అంతే, ఎవరో రాస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఆట మాత్రం రాదు. అందుకని ఆదివారాలు అందరూ మైదానంలో ఉంటే నేను బల్ల దగ్గర ఉండేవాణ్ణి. అక్కడినుంచి చూస్తే బ్యాట్స్‌మన్ కంటే ముందు కాకా కనిపించేవాడు.

మా పాత మైదానం తాండూరులో రైలు పట్టాలకు అవతల, ఒక గోదాం వెనక ఉండేది. దాని అంచున పగిలిన బండలు పేర్చి ఉండేవి. ఆ బండల నీడలో కాకా తన గుడ్డ పరిచి, లారీల మీద కప్పే కాన్వాసు కుట్టేవాడు. అరచేతికి తోలు ముక్క కట్టుకొని, దబ్బనం దానికి ఆనించి నెట్టేవాడు. కందుల సీజన్‌లో మార్కెట్‌యార్డు కుప్పల మీద కప్పేవన్నీ ఒకప్పుడు ఆయన కుట్టినవే. నీలంరంగు ప్లాస్టిక్ వచ్చాక ఆ పని చాలా తగ్గింది. అయినా ఆదివారం ఏదో ఒక ముక్క పట్టుకొని వచ్చేవాడు. ఉత్త చేతులతో కూర్చుంటే మ్యాచ్ చూడటానికి వచ్చాడనుకుంటారని కాబోలు.

ఆ మందపాటి గుడ్డను వ్యాపారంలో డక్కు అంటారు. సున్నాకు ఔటైతే క్రికెట్‌లో డక్ అంటారు. ఈ రెండూ ఎవరు మొదట కలిపారో నాకు తెలియదు. నేను స్కోరు రాయడం మొదలుపెట్టేసరికే మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది: సున్నాకు ఔటైనవాడు జట్టు దగ్గరికి రాకూడదు. నేరుగా పోయి డక్కు గుడ్డ మీద కూర్చోవాలి. ఇంకో వికెట్ పడేదాకా లేవకూడదు. అది శిక్ష. ఒకటి కొట్టినవాడికి కూడా ఆ గుడ్డ మీద చోటు లేదు.

శిక్ష పడినవాడు తిట్టుకుంటూ పోయేవాడు. కాకా మాత్రం చుట్టం ఇంటికి వచ్చినట్టు దబ్బనం పక్కన పెట్టి, "బర్రి, కుందర్రి," అనేవాడు. రండి, కూర్చోండి అని కన్నడంలో. మామూలుగా అందరినీ 'ఏందిరా' అనే మనిషి, సున్నాలను మాత్రం 'అండి' అనేవాడు. ఆ పూట వాళ్లకు దక్కే మర్యాద అదొక్కటే. తర్వాత ఫ్లాస్కు మూత తిప్పేవాడు. ఆయన దగ్గర రెండు గ్లాసులు ఉండేవి. ఒకటి తనది. రెండోది బోర్లించి, మీద చేతిరుమాలు కప్పి ఉంచేవాడు.

ఛాయ్ ఊరికే రాదు. కూర్చున్నవాడు డక్ అనే మాట గురించి ఒక కొత్త ముచ్చట చెప్పాలి. అది ఆయన పెట్టుకున్న వసూలు. పాతది చెబితే సగం గ్లాసే పోసేవాడు.

"బాతుగుడ్డు గుండ్రంగ ఉంటది, సున్నా లెక్క ఉంటది, అందుకే డక్ అన్నరంట కాకా."

"అది మా తాతల కాలంది. ఇంకోటి తే."

"బాల్ మొఖం మీదికొస్తే తల వంచుతం గద, దాన్ని గూడ డక్ అంటరు."

"నువ్వు వంచినవా?"

"వంచలే. అందుకే గ్లౌజుకు తాకి క్యాచ్ పోయింది."

"అయితే నీకు ముచ్చట ఎరుకైనా ఫాయిదా లేదు. పట్టు, ఛాయ్ తాగు."

ఆ లారీ డ్రైవరు ఒకసారి ఫోన్‌లో ముచ్చట వెతుక్కొని మరీ ఔటయ్యాడని మేం నవ్వుకున్నాం. "కాకా, నీళ్లల్ల ఈదే లారీ ఉండెనట. పెద్ద యుద్ధంల వాడిండ్రట. దాన్ని డక్ అనేటోళ్లట. బాతును చూసి వెట్టింది గాదు, ఫ్యాక్టరోళ్ల అక్షరాలు నాలుగు కలిస్తే గట్ల పలికిందట."

"నీ లారీ ఈదుతదా?"

"వానాకాలం కొడంగల్ రోడ్డు మీద అదే చేస్తది."

కాకా నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు ఊగేవి. నా బల్ల దగ్గరికి అవే కనిపించేవి.

మెడికల్ షాపు నడిపే ఇంకొకతను చెప్పిన ముచ్చట మాత్రం ఆయన చాలా రోజులు మరిచిపోలేదు. ఇంగ్లండ్‌లో ఒక దిక్కు జనం ఒకరినొకరు ప్రేమగా డక్ అని పిలుచుకుంటారట.

"ఎరుక లేనోణ్ణి గూడనా?" అన్నాడు కాకా.

"ఎరుక లేనోణ్ణి గూడ. బస్సుల పక్కన కూసున్నోణ్ణి గూడ అంటరట."

కాకా ఆ రోజు తన గ్లాసులోది కూడా అతని గ్లాసులోనే పోశాడు.

ఇన్ని ముచ్చట్లు విన్నా ఆయనకు తీరని అనుమానం ఒకటుంది. వంగడాన్ని చూసి పక్షికి పేరు పెట్టారా, పక్షిని చూసి వంగడానికి పెట్టారా? ఒక చలికాలం కోట్‌పల్లి ప్రాజెక్టుకు ఒంటరిగా పోయి, గట్టు మీద పొద్దంతా కూర్చుని బాతులను చూసి వచ్చాడు. "తలకాయ నీళ్లల్ల, తోక ఆస్మాన్‌ల. ఎంతసేపని జూస్తవ్? ఏది ముందో ఎరుకనే గాలే," అని మరుసటి వారం సున్నాలకు చెప్పాడు. గుడ్డ సంగతిలో మాత్రం ఆయనకు అనుమానం లేదు. బాతు వీపు మీద నీళ్లు నిలవవు, ఈ గుడ్డ మీదా నిలవవు, కనుక గుడ్డ బాతుకు చుట్టం. చెంబుతో నీళ్లు పోసి చూపించేవాడు. గుండ్రని చుక్కలు జారి బండల మీద పడేవి.

చుట్టరికాల విషయంలో ఆయనకు ఒక దెబ్బ తగిలి ఉంది. తాండూరులో ఆయన ఇంటిపేరుగల వ్యాపారస్తులు ఒక వాడ నిండా ఉన్నారు. వచ్చిన కొత్తలో వాళ్లింట్లో పెళ్లి అని తెలిసి, మనవాళ్లే కదా అని కొత్త పంచె కట్టుకొని పోయాడట. భోజనం బాగా పెట్టారు. చేయి కడుక్కునేటప్పుడు ఇంటి పెద్ద వచ్చి, "మీరు ఎవరి తరఫు?" అని అడిగాడట. "పేరు గలిసింది పటేలా, వావి గలువలే," అని కాకా నాతో అన్నాడు. నన్ను లెక్కల పటేలా అనేవాడు. ఇంట్లో ఎవరున్నారని నేను ఒకసారి అడిగితే, "కుట్టుమిషను," అన్నాడు. మళ్లీ అడగలేదు.

ఒక ఆదివారం మా వాళ్లు బాగా ఆడారు. మొదటి బ్యాట్స్‌మన్ నుంచి చివరివాడి దాకా ప్రతి ఒక్కడూ ఎంతో కొంత కొట్టాడు. మైదానమంతా ఈలలు. వికెట్ పడినప్పుడల్లా కాకా దబ్బనం ఆపి మెడ చాచేవాడు. ఔటైనవాడు జట్టు దిక్కు పోగానే మళ్లీ కుట్టుకు వంగేవాడు. మ్యాచ్ గెలిచాక అందరూ మైదానం మధ్యలో గుంపుగా కేకలు వేస్తుంటే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇయ్యాల ఒక్కడు గూడ సున్నా గాలేదా?"

"లేదు కాకా."

"మంచిగ జూసినవా?"

చూశాను, మళ్లీ చూశాను. లేదు. ఆయన తలాడించి వెనక్కి పోయి, రెండో గ్లాసు మీది చేతిరుమాలు తీశాడు. ఎవరూ తాగని ఆ గ్లాసును ఫ్లాస్కులో మిగిలిన వేడి ఛాయ్‌తో తొలిపి, బండల మీద పారబోసి, నీళ్లతో కడిగి, తుడిచి సంచిలో పెట్టాడు. నేను లేచి దగ్గరికి పోయాను. గుడ్డ అంచున నిలబడ్డాను.

"నేను కూర్చోనా కాకా?"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వు ఔటు గావు, నాటౌటు గావు. నిన్ను ఏ లెక్కల కూసోవెడ్తా?" అని గుడ్డ మడత పెట్టేశాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఎవరూ జాలిపడి వచ్చి కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదని ఆ మడతలో తెలిసింది. ఆటలో ఓడి రావాలి, హక్కుతో రావాలి.

తర్వాత మా మైదానంలో ప్లాట్ల రాళ్లు పాతారు. మ్యాచ్‌లు వికారాబాద్‌కు మారాయి. అక్కడ షామియానా ఉంది, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి, మైకు ఉంది. స్కోరు కూడా ఫోన్‌లోనే ఎక్కిస్తారు. టోర్నమెంట్ నడిపే ఆయన కూతురు, డిగ్రీ చదువుతుంది, చకచకా నొక్కేది. నాకు పని లేకపోయినా అలవాటు కొద్దీ జట్టుతో పోయేవాణ్ణి. రైల్లో ఎక్కి చూస్తే కిటికీ పక్కన కాకా. ఒళ్లో మడత పెట్టిన గుడ్డ, కాళ్ల దగ్గర ఫ్లాస్కు సంచి.

ప్రహరీ గోడ నీడలో గుడ్డ పరిచాడు. ఒక మూలన కూర్చున్నాడు. ఆయనెప్పుడూ గుడ్డకు నడుమ కూర్చునేవాడు కాదు, పక్కన ఇంకొకరికి చోటుండేటట్టు మూలకే. వికెట్లు పడ్డాయి. సున్నాలూ పడ్డాయి. ఔటైనవాళ్లు షామియానా కిందికి పోయి, కుర్చీలో పడి, ఫోన్లు తీశారు. జట్టులో చాలామంది కొత్తవాళ్లు, వాళ్లకు ఆ కట్టుబాటు తెలియదు. తెలిసిన లారీ డ్రైవరు సున్నాకు ఔటైన రోజు గోడ దిక్కు రెండడుగులు వేశాడు. కానీ అవతలి జట్టువాళ్లు చూస్తున్నారు. దూరంనుంచే చెయ్యి ఊపి, "కాకా, గిక్కడ వద్దు, నవ్వుతరు," అన్నాడు.

"ఔలే, ఫికర్ లేదు," అన్నాడు కాకా.

మరుసటి ఆదివారం మళ్లీ రైల్లో ఉన్నాడు. మళ్లీ గుడ్డ, మళ్లీ రెండు గ్లాసులు. ఇట్లా కొన్నాళ్లు నడిచింది. ఎండలు ముదిరిన ఒక ఆదివారం మా జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. పెద్దేముల్ నుంచి రావలసిన అతని ఆటో ఎక్కడో ఆగిపోయిందట.

"నువ్వు దిగు అన్నా," అన్నాడు లారీ డ్రైవరు నాతో.

"నాకు బ్యాటు పట్టుడే రాదు."

"పట్టకు. నిలవడు. లెక్కకు పదకొండు గావాలె, నీకంటె లెక్క ఎవనికెరుక?"

చివరి మనిషిగా దిగాను. ప్యాడ్లు లేవు, గట్టి రబ్బరు బంతి. బౌలరు పరుగెత్తుకుంటూ రావడం చూశాను, కళ్లు మూసుకొని బ్యాటు ఊపాను. మోకాలి పైన నిప్పు అంటుకున్నట్టయింది. "ఉరుకు!" అని అవతలినుంచి కేక. ఉరికాను. ఒక పరుగు అయింది. "ఇంకోటి, ఇంకోటి!" అన్నారు. ఇంకోదానికి తిరిగాను, నడిమధ్యలో ఉండగానే వికెట్లు ఎగిరాయి. రనౌట్. మేం ఓడిపోయాం.

మైకులో నా పేరు చదివి, ఒక పరుగు అన్నారు. కుంటుకుంటూ బయటికి వస్తుంటే గోడ నీడలోనుంచి కాకా మెడ చాచి చూస్తున్నాడు. చెయ్యి చేతిరుమాలు మీద ఉంది.

"ఎంత?"

"ఒకటి."

"ఒకటి గొట్టినవా? శాబాష్!" అన్నాడు. చెయ్యి రుమాలు మీదినుంచి మెల్లగా తీసేసుకున్నాడు.

నేను షామియానాలో కుర్చీ మీద కూర్చున్నాను. కాలు మండుతోంది. ప్యాంటు పైకి లాగి చూసుకుంటే ఎర్రగా, గుండ్రంగా బంతి అచ్చు. అప్పుడు తట్టింది. ఆ బంతి బ్యాటుకు తగలనే లేదు. కాలికి తగిలి పోయిన బంతికి తీసిన పరుగు జట్టుకు పోతుంది, బ్యాట్స్‌మన్‌కు రాదు. లెగ్ బై. ఇన్నేళ్లు ఇతరుల లెక్కలో వాటిని వేరుచేసి రాసినవాణ్ణి, నా దగ్గరికి వచ్చేసరికి చూసుకోలేదు.

లేచి ఫోన్‌లో స్కోరు ఎక్కించే అమ్మాయి దగ్గరికి పోయాను.

"అమ్మా, ఆఖరి బంతి లెగ్ బై. నా పేరు మీద సున్నా ఉండాలె."

ఆమె తలెత్తి చూసింది. "అంకుల్, రన్ను కలపమని కొట్లాడుతరు గాని తీసెయ్యుమని ఎవరన్న వస్తరా? మ్యాచ్ గూడ అయిపాయె."

"అయిపోయినా లెక్క లెక్కే."

అంపైరును పిలిచింది. ఆయన నా కాలు చూసి, "చప్పుడు బ్యాటుదనుకున్న," అన్నాడు. అవతలి కెప్టెన్, మొత్తం మారదు కదా, మాకేం అన్నాడు. ఆమె నొక్కింది. ఇంకా ఊరుకోక మైకు పట్టుకొని, "ఒక సవరణ! తాండూరు ఆఖరి బ్యాట్స్‌మన్ అంకుల్ కోరిక మీద... సున్నా!" అంది. షామియానా అంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనుంచే నేను గోడ దిక్కు నడిచాను.

కాకా విన్నాడు. కానీ రుమాలు తీయలేదు.

"నా మీద జాలి తోటి రాపిచ్చినవా?"

"జాలి రాయడానికి స్కోరులో గడి లేదు కాకా."

"మరి?"

ప్యాంటు పైకి మడిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వంగి, బట్ట నేత చూసినట్టు, ఆ మచ్చ చుట్టూ వేలితో ఒకసారి గీసి చూశాడు. తర్వాత రెండో గ్లాసు మీది రుమాలు తీశాడు. మూలకు ఇంకొంచెం జరిగాడు.

"బర్రి, కుందర్రి," అన్నాడు.

కూర్చున్నాను. గుడ్డ గరుకుగా, చల్లగా ఉంది. ఛాయ్ సగం పోసి ఆగాడు. "ముచ్చట?"

నా దగ్గర ఒకటి ఉంది. చాలా రోజుల కింద గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీయించి చూసి పెట్టుకున్నది. చెల్లించే అర్హత లేక నా దగ్గరే ఉండిపోయింది.

"వంగుడే ముందు కాకా. తల నీళ్లల్ల ముంచేది అని పక్షికి ఆ పేరు వెట్టిండ్రు. అంతకుముందు బాతుకు ఇంకో పేరు ఉండెనట, అది పోయింది."

"అయితే పనిని జూసి పిలిచిండ్రు," అన్నాడు. "మంచిగుంది. మరి గుడ్డ? నీళ్లు నిలువయని వెట్టిండ్రు గద?"

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. ఆయన నా మొహమే చూస్తున్నాడు. ఆ మనిషికి తప్పు లెక్క చెప్పలేను.

"గుడ్డ వేరే కాకా. సముద్రం అవతల ఇంకో దేశం వాళ్లు గుడ్డను ఏదో అంటరు. ఆ మాట ఓడల మీద వచ్చి, పలుకంగ పలుకంగ దీని లెక్క అయింది. బాతుకు, గుడ్డకు చుట్టరికం లేదు."

ఆయన గుడ్డ అంచు పట్టుకొని బొటనవేలితో నలిపాడు. మైకు ఆపేశారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు.

"కితాబుల రెండు ఒక్క పేజీ మీదనే ఉన్నయా?" అన్నాడు.

"ఒక్క పేజీ మీదనే. ఒకదాని కింద ఒకటి."

"చాలు తీయి," అని గ్లాసు నిండా పోశాడు.

ఆ సాయంత్రం రైలు ధారూరు దాటింది. రుక్మాపూర్ దగ్గర ఆయన, "కాలుకు పసుపు వెట్టు," అన్నాడు.

తర్వాత వచ్చిన వానల్లోనే పోయాడు. పక్కింటివాళ్లు చెప్తే నేనూ, లారీ డ్రైవరూ, ఇంకా నలుగురైదుగురం పోయాం. సేడం నుంచి దూరపు బంధువు ఒకాయన వచ్చాడు. కాకా లింగాయతుడు. వాళ్లలో చనిపోయినవారిని పడుకోబెట్టరు, గోతిలో కూర్చోబెట్టి పూడుస్తారు. అది నేనెప్పుడూ చూడలేదు. కింద ఏమైనా పరవాలి అని ఆ బంధువు అన్నప్పుడు డ్రైవరు లోపలికి పోయి డక్కు గుడ్డ తెచ్చాడు. మడతలు వేసి గోతిలో దింపారు. కాకాను కూడా దింపి, గుడ్డకు సరిగ్గా నడుమ కూర్చోబెట్టారు.

"నడుమ కాదు," అన్నాను.

అందరూ నా దిక్కు చూశారు. ఏమని చెప్పాలో తెలియక చేత్తో మాత్రం చూపించాను. లారీ డ్రైవరు గోతిలోకి దిగాడు. రెండు చేతులా పట్టుకొని ఆయనను మెల్లగా మూలకు జరిపాడు.